సార్థక భేదం లేదు

మన విశ్వవిద్యాలయాల ఎడ్యుకేషన్ విభాగాల్లో పరిశోధన గ్రంథాల కోసం ఒక బీరువా ఉంటుంది. నల్ల రెక్సిన్ అట్టలు, వాటి మీద బంగారు అక్షరాలు. తాళంచెవి అటెండర్ దగ్గర, అటెండర్ క్యాంటీన్ దగ్గర. ఓపిక పట్టి తెరిపిస్తే దశాబ్దాల విద్యా పరిశోధన అంతా ఒకే వాక్యంగా దర్శనమిస్తుంది: "ఫలానా జిల్లా ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు ఫలానా దాని పట్ల గల వైఖరి: ఒక పరిశీలన." మొదటి ఫలానాలో గుంటూరు పెట్టుకోవచ్చు, కరీంనగర్ పెట్టుకోవచ్చు. రెండో ఫలానా సర్కారువారి మూడ్‌ను బట్టి మారుతుంది. ఒకప్పుడు జనాభా విద్య, ఆ తర్వాత పర్యావరణ విద్య, కంప్యూటర్ విద్య, నిరంతర సమగ్ర మూల్యాంకనం, కరోనా పుణ్యమా అని ఆన్‌లైన్ విద్య, ఇప్పుడు జాతీయ విద్యా విధానం 2020. పథకం పుట్టిన మరుసటి ఏడాదికల్లా దాని పట్ల మన ఉపాధ్యాయుల వైఖరి కొలిచి, అట్ట వేయించి, బీరువాలో పెట్టేస్తాం. పథకం చచ్చిపోయినా వైఖరి అక్కడే భద్రంగా ఉంటుంది.

జిల్లాలను విడగొట్టినప్పుడు కొత్త కుర్చీలొచ్చాయని కలెక్టర్లు సంతోషించారేమో గానీ, అసలు పండగ చేసుకోవాల్సింది పరిశోధకులు. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, మరో మూడేళ్ళకు 33. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 26. అంటే ప్రభుత్వాలు మ్యాపు మీద గీతలు గీసిన పాపానికి 23 పరిశోధనాంశాలు అప్పటికి 59 అయి కూర్చున్నాయి. ఏ ఆలోచనా అక్కర్లేకుండా ఒక శాస్త్రం ఇంతగా విస్తరించిన సందర్భం ప్రపంచ చరిత్రలో ఇంకొకటి ఉంటుందనుకోను.

ఇక లోపలికి వెళ్తే చరాలు. లింగం, ప్రాంతం, యాజమాన్యం, అనుభవం: నాలుగు చరాలు, నాలుగు శూన్య పరికల్పనలు, నాలుగు టీ-పరీక్షలు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వైఖరిలో సార్థక భేదం లేదు. పల్లెకూ పట్నానికీ లేదు. ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ లేదు. పదేళ్ళ పైబడినవారికీ నిన్న చేరినవారికీ లేదు. ఒక బడిలో ఏసీ గది, ఇంకో బడిలో ఒకే గదిలో రెండు తరగతులు, మూడో బడిలో లెక్కల పంతులు డెప్యుటేషన్ మీద ఎటో వెళ్ళి రెండేళ్ళు. టీ-పరీక్షకు అన్నీ ఒక్కటే. సమదృష్టి గల స్థితప్రజ్ఞుడి కోసం హిమాలయాల దాకా పోనక్కర్లేదు, మన ఎం.ఎడ్. నాలుగో అధ్యాయం చాలు.

అయిదో అధ్యాయంలో సూచనలు. ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి. ప్రధానోపాధ్యాయులు చొరవ చూపాలి. తల్లిదండ్రులు సహకరించాలి. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలి. నాలుగు పరీక్షల్లోనూ ఏ తేడా లేదని తేల్చినవాడికి ఈ సూచనలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయని వైవాలో ఎవరూ అడగరు. శాలువాలు ఎదురుచూస్తుంటాయి. చిట్టచివర ఒక ఆణిముత్యం: "ఇదే పరిశోధనను మరొక జిల్లాలో కూడా చేయవచ్చును." చేస్తారు. ఆ ఒక్క సూచన మాత్రం తు.చ. తప్పకుండా అమలవుతుంది.

ఈ వైఖరుల్ని కొలిచే పద్ధతి ఒకటి తెలుసుకోవాలి. 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త అయిదు గడుల కొలబద్ద ఒకటి కనిపెట్టాడు. పూర్తిగా అంగీకరిస్తాను నుంచి పూర్తిగా విభేదిస్తాను దాకా. పాపం, మంచి ఉద్దేశంతోనే కనిపెట్టాడు. దాన్ని మనవాళ్ళు ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్‌కు తెచ్చారు. అప్పటికే అక్కడి టీచరమ్మ పొద్దున ఫోనుకు మొహం చూపించి హాజరు వేయించుకుంది, మరుగుదొడ్డి ఫొటో తీసి పంపింది, భోజనం ఫొటో ఇంకా బాకీ ఉంది. ఆ చేతిలో 40 వాక్యాల కాగితం పెట్టి, "మేడమ్, రెండు నిమిషాలు" అంటాడు పరిశోధకుడు. ఆమె రెండు నిమిషాలే తీసుకుంటుంది. పై నుంచి కింద దాకా ఒకే వరసలో టిక్కులు. తొమ్మిదో వాక్యంలో సాంకేతికత పిల్లలకు మేలు చేస్తుందని పూర్తిగా అంగీకరిస్తుంది, ఇరవై మూడో వాక్యంలో కీడు చేస్తుందని కూడా పూర్తిగా అంగీకరిస్తుంది. ఆమె తప్పేం లేదు. ఆమెకు కావాల్సింది ఆ కాగితం తన బల్ల మీద నుంచి పోవడం. ఆ తర్వాత ఆ టిక్కులన్నీ యూనివర్సిటీ గేటు ఎదుట టైపింగ్, బైండింగ్, డేటా అనాలిసిస్ అని బోర్డు కట్టుకున్న కొట్లోకి వెళ్ళి, మూడు దశాంశ స్థానాల విజ్ఞానంగా బయటికొస్తాయి. స్టాఫ్‌రూమ్ దాకా పోయే ఓపిక లేనివారికి ఆ కొట్టే స్టాఫ్‌రూమ్.

ఇంత తతంగంలోనూ పిల్లవాడు ఎక్కడున్నాడో గమనించారా? లేడు. వాడికి లెక్క వచ్చిందా, పాఠం అర్థమైందా, అసలు బడికి వస్తున్నాడా అన్నది ఏ చరంలోనూ లేదు. వాణ్ణి కలవాలంటే బడికి పోవాలి, కూర్చోవాలి, చదివించి వినాలి. వైఖరి అయితే బల్ల దగ్గరే దొరుకుతుంది.

పరిశోధకుల సంగతి వదిలి, రేపటి టీచర్లకు మనం పరిశోధన పేరుతో ఏం నేర్పుతున్నామో చూద్దాం. చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చేసినదాంట్లో 90 శాతం గుర్తుంటుందని రంగు రంగుల పిరమిడ్ బొమ్మ బి.ఎడ్. చార్టుల్లో, శిక్షణ తరగతుల స్లైడుల్లో కళకళలాడుతుంటుంది. కింద ఎడ్గార్ డేల్ అని పేరు. డేల్ 1946లో తన పుస్తకంలో అనుభవ శంకువు గీసిన మాట నిజం. అందులో ఒక్క అంకె కూడా లేదు. శాతాలు తర్వాత ఎవరో అతికించారు, వాటి వెనక ఏ ప్రయోగమూ లేదు. మనిషి జ్ఞాపకం సరిగ్గా పదుల లెక్కన పెరుగుతుందా అని ఒక్కరికైనా అనుమానం రావద్దూ? పిల్లలు దృశ్య రకం, శ్రవణ రకం అని పుట్టుకతోనే వేరని, ఆ రకానికి తగ్గట్టు చెబితేనే ఎక్కుతుందని ఇంకో నమ్మకం. దానికి సరిపడా ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం ఉన్న పరిశోధనంతా జల్లెడ పట్టి తేల్చింది. ఆ సంగతి మన రికార్డు పుస్తకాలకు ఇంకా చేరలేదు. అయినా 2015 నుంచి బి.ఎడ్. ఏడాది చదువు రెండేళ్ళయింది. నాన్-అటెండింగ్ అని ఫీజు కట్టి ఏడాదంతా కాలేజీ మొహం చూడనివాళ్ళు ఇప్పుడు రెండేళ్ళు చూడకుండా ఉండాల్సి వస్తోంది. కష్టమే.

పరిశోధన రాశాక అచ్చు కావాలి కదా. 2010 నుంచి యూజీసీ లెక్చరర్ల పదోన్నతికి పాయింట్లు పెట్టింది, వ్యాసానికింత, సెమినార్‌కింత అని. పాయింట్లకు గిరాకీ రాగానే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. పేరులో "అంతర్జాతీయ" ఉంటుంది, చిరునామా అద్దె గది, వ్యాసం అందిన రెండో రోజున అంగీకారం, మూడో రోజున బ్యాంకు ఖాతా నంబరు. యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 2018 మే నెలలో ఒక్కసారిగా 4,305 పత్రికల్ని తీసేసింది. అదే ఏడాది భూషణ్ పట్వర్ధన్ బృందం, విశ్వవిద్యాలయాలు స్వయంగా సిఫారసు చేసిన పత్రికల్లోంచి నమూనా తీసి చూస్తే 88 శాతానికి పైగా నాసిరకమని తేలింది. సిఫారసు చేసిందెవరు? వాటిలో రాసేవాళ్ళే. ఆ తర్వాత కేర్ అని కొత్త జాబితా తెచ్చారు, 2025లో దాన్నీ ఎత్తేసి, ఇక మీ పత్రికల్ని మీరే ఎంచుకోండన్నారు. దొంగచేతికి తాళాలివ్వడం అనే సామెత ఇన్నాళ్ళకు ఒక నియంత్రణ విధానం స్థాయికి ఎదిగింది.

ఇంతకీ విద్యార్థిని ఎవరూ ఏమీ అడగరని నేనంటే అది అభాండమే. అడుగుతారు. నాక్ అడుగుతుంది.

1994లో బెంగళూరులో పెట్టిన, కాలేజీలకు గ్రేడులిచ్చే ఈ సంస్థ 2017 నుంచి విద్యార్థి సంతృప్తి సర్వే అని ఒకటి మొదలుపెట్టింది. మొత్తం 21 ప్రశ్నలు. 20 గడులు నొక్కేవి, 21వది మూడు సూచనలు రాయమనేది. మొదటి ప్రశ్న: క్లాసులో సిలబస్ ఎంత పూర్తయింది? 85 నుంచి 100 శాతమా, 70 నుంచి 84 మధ్యా అంటూ ఎంపికలు. ఇంకో ప్రశ్న: మీ అధ్యాపకుల్లో ఎంత శాతం మంది ఎల్‌సీడీ ప్రొజెక్టర్లు వాడుతున్నారు? డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల తన కాలేజీ లెక్చరర్ల జనాభా లెక్కలు కట్టి, ప్రొజెక్టర్ల వారీగా విడదీసి, శాతం తీసి చెప్పాలన్నమాట. అది చేయగలిగితే ఆ పిల్లకు గణాంకశాస్త్రంలో డిగ్రీ అక్కడికక్కడే ఇచ్చేయవచ్చు. లెక్చరర్లు క్లాసుకు ఎలా తయారై వస్తారన్న ప్రశ్నకు ఉన్న ఎంపికల్లో ఒకటి "అసలు పాఠమే చెప్పరు". ఆ గడి పెట్టినవాడికి మన కాలేజీలు తెలుసు, ఆ మాత్రం ఒప్పుకోవాలి.

సర్వే లింకు పిల్లల మెయిల్‌కు నేరుగా వెళ్తుంది, కాలేజీ జోక్యం ఉండదని నియమం. నియమం చాలా గట్టిది. అందుకే లింకు రాకముందే సెమినార్ హాల్లో అవగాహన సదస్సు జరుగుతుంది. అందరి మెయిలూ పాస్‌వర్డుతో సహా క్లాస్ టీచర్ పుస్తకంలో ఎక్కుతుంది. "ఎలా నింపాలో మీ ఇష్టం, కాకపోతే మన కాలేజీ పరువు మీ చేతుల్లో ఉంది, ఇంటర్నల్ మార్కులు మా చేతుల్లో ఉన్నాయి" అని ప్రిన్సిపాల్‌గారు ప్రజాస్వామ్యబద్ధంగా వివరిస్తారు. వాట్సాప్ గ్రూపులో నమూనా జవాబులు వస్తాయి. "అన్నిటికీ మొదటి ఆప్షన్, 21కి మాత్రం సొంతంగా రాయండి, అందరూ ఒకేలా రాస్తే పట్టేస్తారు." సొంతంగా రాయాల్సిన మూడు సూచనలు కూడా మూడు రకాలుగా టైపు చేసి పంపుతారు. డిగ్రీ చదువు మొత్తంలో విద్యార్థికి సొంతంగా రాసే అవకాశం వచ్చిన ఒకే ఒక్క ప్రశ్న అది.

తనిఖీ బృందం వచ్చేలోపు గోడలకు సున్నం, కుండీల్లో అద్దె మొక్కలు, నెల రోజుల్లో అయిదేళ్ళ ఫైళ్ళు. జరగని సమావేశాలకు మినిట్స్, రాని తల్లిదండ్రులకు సంతకాలు. ఈ సీజన్‌లో పాఠాలుండవు. బోధన ఎంత నాణ్యంగా ఉందో నిరూపించే పనిలో బోధించాల్సినవాళ్ళంతా మునిగి ఉంటారు కదా. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ సీజన్‌కు ముగింపే లేదు. ప్రతి ప్రశ్న పక్కన అది కోర్సు లక్ష్యాల్లో ఎన్నో నంబరుదో, బ్లూమ్ మెట్లలో ఎన్నో మెట్టుదో రాయాలి. చివర ఎక్సెల్ షీట్ ఒక అంకె కక్కుతుంది, లక్ష్యసాధన మూడుకు ఇంత అని. బెంజమిన్ బ్లూమ్ 1956లో ఆలోచనకు మెట్లు కట్టింది ఎక్కడానికి. మనం వాటికి నంబర్లు వేసి సున్నం కొట్టాం.

ఇంత శ్రమ ఎందుకనుకున్నవాళ్ళూ ఉన్నారట. 2025 ఫిబ్రవరిలో, గుంటూరు ప్రాంతంలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీకి ఎ++ గ్రేడు ఇప్పించడానికి లంచాలు పుచ్చుకున్నారన్న ఆరోపణ మీద నాక్ తనిఖీ బృందం అధ్యక్షుడితో సహా 10 మందిని సీబీఐ అరెస్టు చేసింది. సోదాల్లో దాదాపు 37 లక్షల నగదు, ల్యాప్‌టాప్‌లు, ఒక ఐఫోన్ దొరికాయని చెప్పింది. నిజానిజాలు కోర్టు తేల్చాలి. ఇక నేరుగా వెళ్ళే తనిఖీలు తగ్గించి ఆన్‌లైన్ చేస్తామంటున్నారు. అద్దె కుండీల వ్యాపారులకు మాత్రం గడ్డు కాలమే.

సరే, పిల్లలు నిజాయితీగానే నింపారనుకుందాం. అప్పుడైనా ఆ సంతృప్తికి అర్థమేమిటి? 1970లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు మైఖేల్ ఫాక్స్ అనే నటుణ్ణి తెచ్చి, డాక్టర్ ఫాక్స్ అని పరిచయం చేసి, వైద్యుల శిక్షణలో గణిత గేమ్ థియరీ అనే అంశం మీద ఉపన్యాసం ఇప్పించారు. ఆయనకు అందులో ఓనమాలు తెలియవు. చేతులూపడం, చమత్కారాలు, ఒకదానికొకటి పొసగని మాటలు. విన్నవాళ్ళు సామాన్యులు కారు, మనస్తత్వ నిపుణులు, అధ్యాపకులు. బ్రహ్మాండంగా ఉందని మార్కులు వేశారు. ఒకాయనైతే ఈయన రచనలు ఇదివరకే చదివానని కూడా రాశాడు. మనకు డాక్టర్ ఫాక్స్‌లు కొత్త కాదు, ప్రతి వర్క్‌షాపుకూ మోటివేషనల్ స్పీకర్ హోదాలో విమానం చార్జీలిచ్చి తెచ్చుకుంటాం. 2017లో కెనడాకు చెందిన బాబ్ ఉట్ల్, మరో ఇద్దరు కలిసి ఇలాంటి అధ్యయనాలన్నీ పోగేసి చూశారు. విద్యార్థులు టీచరుకు వేసే మార్కులకూ, వాళ్ళు నేర్చుకున్నదానికీ సంబంధం లేదు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసులో ఇంకా విచిత్రం. పిల్లల చేతే బుర్రబద్దలు కొట్టుకునేలా లెక్కలు చేయించిన క్లాసులో వాళ్ళు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. హాయిగా ఉపన్యాసం విన్నవాళ్ళు తక్కువ నేర్చుకుని, చాలా వచ్చేసిందనుకున్నారు. కష్టపడి చెప్పే పంతులుకు సంతృప్తి సర్వేలో ఏ గతి పడుతుందో దీన్నిబట్టి ఊహించుకోండి.

విదేశీ ముచ్చట్లు మనకెందుకంటారా? అయితే మన జిల్లాలదే చెబుతాను. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయిదు జిల్లాల్లో 500 ప్రభుత్వ బడుల్లో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేస్తే, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ రాశారు. లాటరీ తీసి బడుల్ని విడగొట్టి, ఏడాది మొదట్లోనూ చివర్లోనూ పిల్లలకు పరీక్ష పెట్టారు. చూశారా, పిల్లలకు! కొన్ని బడుల్లో టీచర్లకు ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో వివరంగా రిపోర్టులిచ్చి, మధ్యమధ్య మనుషులు వెళ్ళి క్లాసు చూసొచ్చారు. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఆ బడుల్లో టీచర్లు మిగతావాళ్ళకంటే చురుగ్గా పాఠం చెబుతూ కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కులు మాత్రం మిగతా బడులకంటే పిసరంత కూడా పెరగలేదు.

మన విద్యావ్యవస్థ మీద ఇంతకంటే నిర్దయగా ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. చూసేవాడొస్తే పాఠం, పోతే మామూలే. మొత్తం తనిఖీ సిద్ధాంతం, ఫీడ్‌బ్యాక్ సిద్ధాంతం, డ్యాష్‌బోర్డు సిద్ధాంతం అక్కడికక్కడే కుప్పకూలాయి. ఇదే ప్రయోగంలో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చిన బడుల్లో చదువు మెరుగుపడింది కూడా. బోనస్ మంచిదా కాదా అన్నది వేరే తగవు, నాకు దాని మీద అనుమానాలున్నాయి, టీచర్ల సంఘాలకు ఇంకా ఎక్కువ ఉంటాయి. కానీ తగవు పడాలన్నా ముందు చదవాలి కదా. మన పల్లెటూరి పిల్లలు రాసిన పరీక్షల మీద కట్టిన ఈ విజ్ఞానం చికాగోలో, లండన్‌లో ఆర్థికశాస్త్రం చదివేవాళ్ళకు పాఠ్యాంశం. మీ జిల్లా డైట్ కాలేజీకి వెళ్ళి అడగండి. టీ పోసి, ఏ ఛానెల్లో వచ్చిందని అడుగుతారు.

ఇక అసలు విద్యార్థి అనుభవం అన్నది కొండలా పేరుకున్న చోట మాత్రం ఏ లైకర్టూ అడుగు పెట్టడు. ఇంటర్ కార్పొరేట్ హాస్టళ్ళ మాట అంటున్నాను. తెల్లవారకముందే బెల్లు, రాత్రి దాకా స్టడీ అవర్లు, ఆదివారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు, సెక్షన్‌ను బట్టి మనిషి విలువ. అక్కడ పిల్లలు ప్రాణాలు తీసుకుంటుంటే 2001లోనే నీరదా రెడ్డి కమిటీ వేశారు. మళ్ళీ తీసుకుంటుంటే 2017లో చక్రపాణి కమిటీ వేశారు. కమిటీకీ కమిటీకీ మధ్య 16 ఏళ్ళలో ఒక తరం పిల్లలు ఆ గేట్ల లోపలికి వెళ్ళి బయటికొచ్చారు, అందరూ రాలేదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు అస్తవ్యస్తంగా వచ్చి ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఆ పిల్లల అనుభవాన్ని కూర్చుని విని, వాళ్ళ మాటల్లోనే రాసిన పీహెచ్.డీ. కోసం రెక్సిన్ అట్టల మధ్య వెతికి చూడండి. వైఖరులు బోలెడు దొరుకుతాయి, ఒక్క హాస్టల్ రాత్రి కూడా దొరకదు. పోనీ నాక్ చూస్తుందా అంటే జూనియర్ కాలేజీ దాని పరిధి కాదు. పత్రికలు చూస్తాయా అంటే, ఫలితాల మర్నాడు మొదటి పేజీ మొత్తం ఆ కాలేజీల ప్రకటనే, ఒకటి, ఒకటి, ఒకటి, రెండు అంటూ ర్యాంకులతో కిటకిటలాడుతుంది. ఆ ప్రకటన డబ్బులు అందిన పేజీలోనే హాస్టల్ వార్త వేయడానికి ఖాళీ ఎక్కడుంటుంది?

కావాలంటే అడగడం ఎంత సులువో తెలుసా? ప్రథమ్ సంస్థవాళ్ళు 2005 నుంచి అసర్ అని చేస్తున్నారు. చేతిలో ఒక్క కాగితం. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఇంటికి వెళ్ళి, పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, చదువు నాన్నా అంటారు. చదివాడా లేదా, అంతే. 2024లో దేశంలోని పల్లెల్లో ప్రభుత్వ బడుల్లో అయిదో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్ళు 44.8 శాతం. ఈ అంకె మీద ప్రభుత్వాలకు కోపమొస్తుంది, సంఘాలకు కోపమొస్తుంది. కోపం తెప్పించిన పరిశోధన ఏదైనా ఉందంటే నాకు తెలిసి అదొక్కటే. మన బీరువాలోని గ్రంథాల మీద ఇన్నేళ్ళలో ఎవరికీ చిరాకు కూడా రాలేదు.

అందుకని నాక్‌వారికి ఒక విన్నపం. ఆ 21 ప్రశ్నలూ మడిచి జేబులో పెట్టుకోండి. మీ బృందం కాలేజీకి వచ్చినా, కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమైనా, బి.కాం. మూడో సంవత్సరం కుర్రాణ్ణి ఒకణ్ణి లాటరీ తీసి పిలిపించండి. ప్రిన్సిపాల్ ఎంపిక చేసినవాణ్ణి కాదు సుమా. పక్క వీధి కిరాణా కొట్టు బిల్లు ఒకటి చేతికిచ్చి, ఇందులో జీఎస్టీ ఎంతో కట్టి చెప్పమనండి. బి.ఎస్సీ. అమ్మాయికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, ఇది తాగొచ్చో లేదో ఎలా తేలుస్తావని అడగండి. బి.ఎ. తెలుగు చదివినవాడికి ఇవాళ్టి పేపరు సంపాదకీయం ఇచ్చి, ఇందులో రాసినవాడి వాదన ఏమిటో సొంత మాటల్లో చెప్పమనండి. పది నిమిషాల పని, ప్రొజెక్టర్ కూడా అక్కర్లేదు.

అధ్యక్షులవారు చిరునవ్వుతో ఇచ్చే జవాబు ఇక్కణ్ణుంచే వినిపిస్తోంది. ఆలోచన చాలా బాగుందండీ, కాకపోతే మా ఏడు ప్రమాణాల్లో ఇది దేని కిందికీ రాదు, పైగా మూడింటికి కల్చరల్ ప్రోగ్రామ్ పెట్టారు, పిల్లలు మేకప్‌లో ఉన్నారు.